మొదట ఏం అడగాలి?



మన యానాది వాడల్లో మీటింగు పెడితే మేం ఏళ్ల తరబడి ఒకే మాటతో మొదలుపెట్టాం: "ఆధార్ కార్డు తెచ్చారా? కుల ధ్రువపత్రం ఉందా?" సగం మంది తల వంచుకునేవాళ్లు. ఆడవాళ్లు వెనక్కి జరిగేవాళ్లు. నేరస్థ జాతుల చట్టం దేశమంతటా రద్దయింది 1952లో. అంతకుముందు ఆ ముద్ర పడిన మన పెద్దలు పోలీసుల దగ్గర హాజరు వేయించుకున్నారు. వెన్నెలకంటి రాఘవయ్యగారు మనవాళ్ల కోసం తిరిగిన కాలం అది. పుస్తకం పట్టుకుని పేరడిగేవాళ్లంటే భయం అప్పటిదే.

ఇప్పుడు బుచ్చిరెడ్డిపాలెంలో ఇలా అడుగుతున్నాం: "ఊత వేయడం నీకెవరు నేర్పారు? కనిగిరి చెరువు కాలవలో నువ్వు పట్టిన పెద్ద కొరమేను ఎంత?" చేతులు చాచి చూపిస్తారు. ఆ చేప ఏటేటా కొంచెం పెరుగుతుంది కూడా!

ఎప్పుడూ నోరు విప్పని అవ్వ ఒకామె, కుండలో గడ్డి రాజేసి ఎలుక బొరియలోకి పొగ ఎలా ఊదాలో చేసి చూపించింది. అందరం నవ్వాం. నవ్వులయ్యాక తనే అడిగింది: "ఆ గట్టు పక్కనే గదా నాయనా మా గుడిసె. పట్టా ఎందుకు లేదు?" కాగితాల మాట అప్పుడు ఎత్తాం.

"పిల్లలెందరు?" అని మాత్రం మొదట అడగొద్దు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఉండొచ్చు. ముందు మన జవాబు మనం చెప్పాలి. మాలో ఒకరికి ఊత వేయడం రాదని ఒప్పుకుంటే, మర్నాడే కాలవకు తీసుకుపోయారు.

అవ్వ అర్జీ ఇంకా నడుస్తోంది.