విద్యాశాలలు – స్వేచ్ఛా సాఫ్టువేరు

(మన సంఘ వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



విద్యావిషయమున నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు మమ్ము కోరినప్పుడు, మేము వ్యాకరణమును గూర్చియో కావ్యమును గూర్చియో ప్రసంగింతుమని మీరు తలచియుందురు. ముప్పదియేండ్లకు పైగా పిల్లలచే శబ్దరూపములు వల్లె వేయించిన మాకు కంప్యూటరుతో నేమి పనియని కొందరికి సందేహము కలుగవచ్చును. పని కలదు. మన వసతిగృహమునకు ఇరువది కంప్యూటరులు కొనుటకై దాతలు ధనమిచ్చియున్నారు. వానియందు ఏ సాఫ్టువేరు నుంచవలెనన్న ప్రశ్న నేటి మధ్యాహ్నము కార్యవర్గము ముందునకు రానున్నది. ఇది కేవలము యంత్రముల బేరము కాదనియు, మన పిల్లల విద్యాస్వాతంత్ర్యమునకు సంబంధించినదనియు మనవి చేయుటకే మేమిచట నిలిచితిమి.

సాఫ్టువేరన నేమో ఇతరులకు వివరించుట కష్టము, నేతకులమువారికి సులభము. మనలో జకార్డు మగ్గముపై నేసినవారెందరో కలరు. 1804లో ఫ్రాన్సు దేశీయుడగు జకార్డు ఆ సాధనమును నిర్మించెను. రంధ్రములు పొడిచిన అట్టల వరుస తిరుగుచుండగా, ఏ పోగు పైకి లేవవలెనో ఏ పోగు క్రింద నిలువవలెనో ఆ రంధ్రములే నిర్ణయించును. అట్టలు మార్చినచో అంచు మారును, మగ్గము మారదు. తరువాత ఇంగ్లండునందు బాబేజి పండితుడు తాను తలపెట్టిన గణనయంత్రమునకు ఈ అట్టల పద్ధతినే గైకొనెను. కావున కంప్యూటరు మగ్గమనుకొన్నచో, సాఫ్టువేరు దాని అట్టల వరుస.

ఇక మన పెద్దల అనుభవమును స్మరింపుడు. మగ్గము నేతగాని ఇంటనే యుండెడిది. కాని నూలు షావుకారుది, అట్టలు షావుకారువి, దిగిన చీరయు షావుకారుదే. నేతగానికి మిగిలినది కూలి. ఆ దుస్థితిని తొలగించుకొనుటకే మనవారు సహకారసంఘములు కట్టుకొనిరి. నేడు అనేక విద్యాశాలలలో కంప్యూటరుల గతియు నట్లే యున్నది. యంత్రము బడిది, అందలి సాఫ్టువేరు పరులది. దానిని వాడుకొనవచ్చునే కాని, లోపల నేమున్నదో చూడరాదు, దిద్దరాదు, పొరుగు బడికి ఈయరాదు. కొంటిమని మనమనుకొందుము. నిజమునకు మనము పొందినది షరతులతో కూడిన అనుమతి మాత్రమే.

దీనికి ప్రతిగా నిలిచినదే స్వేచ్ఛా సాఫ్టువేరు. 1983లో అమెరికావాసియగు రిచర్డు స్టాల్‌మన్ గ్నూ అను పేర ఈ యుద్యమమును ప్రకటించెను. 1991లో ఫిన్లాండునందు విద్యార్థిగానున్న లీనస్ టోర్వాల్డ్స్ లినక్స్ అను కెర్నెలును లోకమున కందించెను. ఈ రెండును కలిసి నేడు లెక్కకు మిక్కిలి యంత్రములను నడుపుచున్నవి. 1998 నుండి ఓపెన్ సోర్సు అను పేరును వ్యాప్తిలోనికి వచ్చినది. ఇట్టి సాఫ్టువేరునందు వాడుకరికి నాలుగు స్వాతంత్ర్యములు కలవు: ఇచ్ఛ వచ్చిన పనికి వాడుకొనుట, లోపలి రచనను చదువుట, ప్రతులను పంచుట, దిద్దుకొని ఆ దిద్దుబాటును ఇతరులకు నిచ్చుట. ఇంగ్లీషునందు ఉచితమునకును స్వేచ్ఛకును ఒకే మాట యుండుటచే ఆ దేశములవారు తికమక పడుదురు. మనకు రెండు మాటలు వేరువేరుగా నున్నవి. హైదరాబాదునందు ఈ పనిలో కృషి చేయుచున్న సంస్థ స్వేచ్ఛ యనియే పేరు పెట్టుకొన్నది.

శాస్త్రము చదివినవారి కిది నూతనము కాదు. పాణిని మహర్షి సుమారు నాలుగువేల సూత్రములను రచించెను. కాత్యాయనుడు వానిని పరీక్షించి, చాలనిచోట వార్తికములు చేర్చెను. పతంజలి ఆ రెండింటిని విచారించి మహాభాష్యమును వ్రాసెను. పదునేడవ శతాబ్దమున భట్టోజి దీక్షితుడు విద్యార్థుల సౌకర్యమునకై ఆ సూత్రములనే ప్రకరణముల ననుసరించి తిరిగి కూర్చి సిద్ధాంతకౌముదిని వెలయించెను. ఎవరును ఎవరి అనుమతిని వేడలేదు; ఎవరును పూర్వుని పేరు తుడిచివేయలేదు. పాణిని సూత్రములను పెట్టెలో దాచి, సిద్ధమైన రూపములను మాత్రము అమ్మియున్నచో, వ్యాకరణశాస్త్రము ఆయనతోనే సమసియుండెడిది.

ఇది పుస్తకములలోని మాటయే కాదు, ఆచరణలోనికిని వచ్చినదనుటకు కేరళ రాష్ట్రము సాక్షి. అచటి ప్రభుత్వము 2001లో ఐటీ ఎట్ స్కూల్ అను ప్రణాళికను నెలకొల్పెను. క్రమముగా ప్రభుత్వ పాఠశాలల కంప్యూటరు విద్యయంతయు స్వేచ్ఛా సాఫ్టువేరుపై నడువసాగెను. 2017లో ఆ ప్రణాళిక కైట్ అను సంస్థగా మారెను. 2018లో ఉన్నతపాఠశాలలయందు లిటిల్ కైట్స్ అను విద్యార్థి సంఘములు వెలసెను. రెండు లక్షలకు పైబడిన బడి కంప్యూటరులకు ఈ పద్ధతివలన 3,000 కోట్ల రూపాయలు మిగులునని 2019లో ఆ సంస్థ ప్రకటించెను. అనగా యంత్రమునకు లక్షన్నర. ఈ సంఖ్యను మేము యథాతథముగా మీ ముందుంచము. వలసిన సాఫ్టువేరు లన్నిటిని వెలపెట్టి కొన్నచో నెంతయగునో కట్టిన లెక్క యది. ఏ బడియు అన్నిటిని కొనదు. అందు పదియవవంతు మాత్రమే నిజమనుకొన్నను, మన ఇరువది యంత్రములకు మూడు లక్షలగును. ఒక ఉపాధ్యాయుని పోషించుటకు ఆ ధనము అక్కరకు రాదా?

అయితే కేరళమువారి విజయమునకు మూలము ధనము మిగులుట కాదు. వారు మొదట ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చిరి. ఆ ఉపాధ్యాయులలో నుండియే శిక్షకులను ఏర్పరచిరి. మాతృభాషయగు మలయాళమును యంత్రములలోనికి దెచ్చిరి. పెట్టెలు పంచి ఊరకుండలేదు. ఇది మనము మరువరాని విషయము.

విశ్వవిద్యాలయముల సంగతియు నిట్టిదే. న్యూజిలాండునందలి హొరొఫెనువా ప్రాంతపు గ్రంథాలయమువారి పాత సాఫ్టువేరు 2000 సంవత్సరమున పనిచేయదని తేలగా, వారు 1999లో క్రొత్తదానిని వ్రాయించుకొని లోకమునకెల్ల విడిచిపెట్టిరి. దానికి కోహా యని పేరు. మావోరీ భాషలో కానుక యని అర్థము. నేడు మన దేశమున ననేక కళాశాలా గ్రంథాలయములు ఆ కానుకనే వాడుకొనుచున్నవి. మన విశ్వవిద్యాలయముల పరిశోధనగ్రంథములను భద్రపరచు శోధగంగయు డీస్పేస్ అను ఓపెన్ సోర్సు సాఫ్టువేరుపై నిర్మింపబడినదే.

ఇక మన ఇంటి కథ యొకటి విన్నవింతుము. 2004లో మన సంఘము ప్రచురించిన సంచికకు మేము ప్రూఫులు దిద్దితిమి. వసతిగృహమునకు స్థలమిచ్చిన మహనీయుడు తమ అంత్యదినములలో చెప్పి వ్రాయించిన జ్ఞాపకములు అందచ్చయినవి. కొలది సంవత్సరముల క్రిందట వానిని తిరిగి ముద్రింపనెంచి వెదకగా, కార్యాలయమునందలి ప్రతులను చెదలు తిని యుండెను. సీడీ యొకటి బీరువాలో దొరకెను. సంతసించి తెరచితిమి. తెరపై తెలుగక్షర మొక్కటియు లేదు! రోమను అక్షరములు, ప్రశ్నార్థకములు, చుక్కలు, గీతలు. కారణము విచారింపగా, నాటి కూర్పు సాఫ్టువేరు రోమను అక్షరముల స్థానములలో తెలుగు గుడులను, ఒత్తులను తనకు నచ్చినట్లు దాచియుంచెనని తెలిసెను. యూనికోడునందు 1991 నుండియే తెలుగునకు ప్రత్యేకస్థాన మున్నను, నాటి అచ్చుకూటములు పెక్కు దానిని వాడలేదు. సాఫ్టువేరు అమ్మినవారి నడిగితిమి. పాతది ఇక అమ్మమనిరి, క్రొత్తది కొనుడనిరి, క్రొత్తది పాతదానిని చదువగలదాయన్నచో చెప్పజాలమనిరి. మన పెద్దల మాట మన బీరువాలోనే యుండియు మనది కాకపోయెను.

అప్పుడు మన వసతిగృహమున చదివి ఇంజనీరింగు కళాశాలలో చేరిన కుర్రవాడొకడు, పాత అక్షరములను యూనికోడులోనికి మార్చు ఓపెన్ సోర్సు సాఫ్టువేరు నొకదానిని తెచ్చెను. అది చాలవరకు మార్చెను గాని, ఒత్తులు కొన్ని జారిపోయెను. దాతల పట్టికలోని లక్ష్ములందరును లక్షులైరి! మూసిన సాఫ్టువేరైనచో అంతటితో కథ ముగిసెడిది. ఇది తెరచినది గావున అతడు లోపలి పట్టికను మా ముందుంచి, “మాస్టారండీ, ఏ ఒత్తు ఎక్కడ పడాలో మీరు చెప్పండి, దిద్దే పని నేను చూస్తాను” అనెను. రెండు దినములు కూర్చుంటిమి. తుదకు ‘కార్త్స్న్యము’ అను పదమును పెట్టి పరీక్షించితిమి; అది చక్కగా వచ్చెను. ఆ దిద్దుబాటును అతడు అందరికి నుపయోగపడునట్లు తిరిగి యిచ్చివేసెను. కంప్యూటరు నెరుగని మా వ్యాకరణము, వ్యాకరణము నెరుగని అతని నేర్పు కలిసి ఒక పని చేసెను. చదువన నిదియే కదా!

ఆక్షేపణలు కలవు; వానిని దాటవేయము. ఉద్యోగములలో వెలగల సాఫ్టువేరులే వాడుదురు, మన పిల్లలు వెనుకబడరాయని తలిదండ్రులు అడుగుదురు. లిబ్రె ఆఫీసునందు ఉత్తరము కూర్చుట, లెక్కల పట్టిక కట్టుట చక్కగా నేర్చినవానికి మరియొక దానికి అలవాటుపడుటకు కొలది దినములు చాలును. ఒక నాడెతో నేత నేర్చినవాడు రెండవ నాడెను పట్టలేడా? ఎవరు బాగుచేయుదురని మరికొందరు అడుగుదురు. ఇది సరియైన ప్రశ్న. నేర్చినవాడు లేనిచో స్వేచ్ఛా సాఫ్టువేరైనను మూలబడును. మరియు కొన్ని పరీక్షలకు, కొన్ని కార్యాలయపు పనులకు వెలగల సాఫ్టువేరు తప్పనిసరి కావచ్చును; దానికై ఒక్క యంత్రమును ప్రత్యేకింపవచ్చును.

మరియొక మాట చెప్పుటకు సిగ్గగుచున్నను చెప్పక తప్పదు. ఇంతకాలము మన వసతిగృహపు పాత కంప్యూటరులలో నున్నవి దొంగప్రతులు. అది తెలిసియు మేము మిన్నకుంటిమి. ఉదయము నీతిశ్లోకములు చెప్పి, సాయంకాలము దొంగసొత్తుతో పాఠము చెప్పించిన దోషము మాది. స్వేచ్ఛా సాఫ్టువేరునందు ప్రతి తీసి పంచుట నేరము కాదు; సాధువైన పని.

కావున పోషకులకు మా విన్నపములు మూడు. మొదటిది: ఇరువది యంత్రములలో పందొమ్మిదింటిని లినక్స్‌తోను, తెలుగు యూనికోడుతోను నడుపవలెను. రెండవది: పాత యంత్రములను పారవేయరాదు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ సవరణలు నిలిచినవని వానిని పాడుసామగ్రిగా తలపనక్కరలేదు; తేలికయగు లినక్స్‌తో వానిలో పెక్కింటికి ఇంకను కొన్నేండ్ల ఆయువు కలదు. మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది: సాఫ్టువేరుపై మిగులు ధనముతో ఒక శిక్షకుని నియమింపవలెను. ముంబయి ఐఐటీవారి స్పోకెన్ ట్యుటోరియల్ పాఠములు తెలుగునందును లభించుచున్నవి. వానిని దారిగా గొని మన పిల్లలే పై తరగతులవారు క్రింది తరగతులవారికి నేర్పుకొందురు.

తిరిగి దొరకిన ఆ జ్ఞాపకములలో నొక మాట మా మనసున నాటుకొన్నది. వసతిగృహము మొదలుపెట్టిన నాడు సంఘమున చిల్లిగవ్వ లేదట. ప్రతి మగ్గపుటింటను వారమునకొక దోసెడు బియ్యము విడిగా తీసియుంచి, ఆ దోసెళ్లతోనే తొలి యేడు పిల్లలకు అన్నము పెట్టిరట. ఎవరి దోసెడు ఏదియో ఎవరికిని తెలియదు. తిన్నవారందరికి నది అన్నమే. స్వేచ్ఛా సాఫ్టువేరు ఎట్లు పుట్టినదని మమ్మడిగినచో ఇంతకంటె స్పష్టముగా మేము చెప్పలేము. అట్టి దోసెటి బియ్యముతో పెరిగిన వసతిగృహమునకు షావుకారు అట్టలను తేవలదని కార్యవర్గమును వేడుకొనుచున్నాము.