పదవ తరగతి పత్రము – పరదేశపు కొలువు



1983 వలసల చట్టం క్రింద, పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారు సాధారణంగా సౌదీ అరేబియా, కువైట్ వంటి దేశాలకు పనికై బయలుదేరే ముందు వలసదారుల సంరక్షణాధికారి అనుమతి పొందాలి. దీనిని ఆటంకమని తలచి, ఏజెంటు మాట నమ్మి, సందర్శక వీసాపై వెళ్లేవారున్నారు. ఆ వీసాపై పనిచేయుట అక్కడ నేరం.

సక్రమంగా వెళ్లినవారికి సౌదీలో ‘ఇఖామా’ అనే నివాసానుమతిని యజమానియే తీయించాలి, గడువు తీరకముందే పునరుద్ధరింపజేయాలి. అతడు ఉపేక్షించినా చిక్కులు పనివానివే. గడువు తేదీ తానే గుర్తుంచుకోవాలి.

పదవ తరగతి ఉత్తీర్ణునికి సాధారణంగా సంరక్షణాధికారి అనుమతి అక్కరలేదు. అతని కాగితాలను పరిశీలించే ఆ అధికారి అండయు ఉండదు. కనుక చదువుకున్నవాడు ఒప్పందాన్ని తానే చదవాలి. అర్థం కానిచో తెలుగులో చెప్పించుకొని, అటుపిమ్మటనే సంతకం చేయాలి. ఒక ప్రతిని ఇంట ఉంచి వెళ్లాలి.