దూడకు తొలిదినపు పాలు
(పశుపోషకుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఆవుగాని గేదెగాని ఈనిన ఇంట జున్ను వండుట, ఇరుగుపొరుగులకు పంచిపెట్టుట మన పల్లెలలో మర్యాద. ఆ మర్యాదను మానుమని చెప్పుటకు మేము రాలేదు. ఆ పాలలో దూడ వాటా ఎంత, అది ఏ వేళకు అందవలెను అను రెండు విషయములను మాత్రమే మనవి చేయుదుము.

మనిషి బిడ్డ తల్లి కడుపులో నుండగనే, తల్లి రక్తములోని రోగనిరోధక పదార్థములను మాయ ద్వారా పొందును. దూడకు ఆ భాగ్యము లేదు. ఆవు, గేదె, గొఱ్ఱె, మేక మొదలగు పశువుల మాయ వానిని పిల్లకు చేరనీయదు. ఆ లోటును తీర్చునవే ముర్రుపాలు. అమెరికాలో థియోబాల్డ్ స్మిత్, రాల్ఫ్ లిటిల్ అను శాస్త్రజ్ఞులు 1922లో ఈ విషయమును పరీక్షించి ప్రకటించిరి. ముర్రుపాలు త్రాగిన దూడలు బ్రతికెను. త్రాగని వానిలో పెక్కు దూడలు కొలది దినములకే చనిపోయెను.

రోగనిరోధక పదార్థములు మాంసకృత్తులే. పెద్ద పశువు మాంసకృత్తులను అరిగించుకొని, చిన్న భాగములుగా చేసి గాని రక్తములో కలుపుకొనజాలదు. అరిగిపోయిన నిరోధక పదార్థము రోగమును ఎదిరింపజాలదు. అప్పుడే పుట్టిన దూడ ప్రేగు మాత్రము వేరు. దాని గోడలోని కణములు పెద్ద మాంసకృత్తులను సైతము చెక్కుచెదరకుండ రక్తములోనికి పంపగలవు. పొట్టలో ఆమ్లము ఇంకను తగినంత ఊరదు. జీర్ణరసమును అడ్డగించు పదార్థము కూడ ముర్రుపాలలోనే కలదు.

అయితే ఈ ద్వారము తెరచియుండునది కొలది గంటలే. పుట్టిన గంటలలోనే దాని శక్తి సన్నగిల్లనారంభించి, 24 గంటలు నిండునప్పటికి దాదాపు మూసికొనిపోవును. పందిపిల్లలో ఇది సుమారు 24 నుండి 36 గంటలకు జరుగును. ఎలుకపిల్లలో సుమారు మూడు వారములు పట్టును. ఒక్కొక్క జాతికి ప్రకృతి ఒక్కొక్క గడువు నిర్ణయించినది.

ముర్రుపాలలో వృద్ధి కారకములు అనునవి కూడ కలవు. ఇవి శరీర కణములకు పెరుగుదల కబురు మోయునవి. స్టాన్లీ కోహెన్ అను శాస్త్రజ్ఞుడు చిట్టెలుకల లాలాజల గ్రంథులనుండి ఇట్టి దానిని వేరుచేసెను. దానిని ఎక్కించిన ఎలుకపిల్లలు గడువుకు ముందే కన్నులు తెరచెను. ఈ రంగమున చేసిన కృషికి ఆయనకును, రీటా లెవీ మోంటాల్చీనికిని 1986లో నోబెల్ బహుమానము లభించినది. పాలు కుడుచు ఎలుకపిల్లల ప్రేగు ఈ కారకమును కొంత చెడకుండ రక్తమునకు చేర్చును. పాలు మాను వేళకు ఆ శక్తి తగ్గును. దూడలో ఇట్టి కారకములు ముఖ్యముగ ప్రేగు గోడమీదనే పనిచేసి, ఆహారమును పీల్చుకొను భాగమును పెంపొందించును. కావున మొదటి దినము గడచినను, మూడు నాలుగు దినముల వరకు ఈ పాలు దూడకు మేలే చేయును.

మాయ పడువరకు దూడను పొదుగుకు విడువరాదని పలువురు నమ్ముదురు. మాయ పడుటకు ఒక్కొక్కప్పుడు ఎనిమిది గంటలు పట్టును. అంతలో అమూల్యమైన కాలము గడచిపోవును. నిజమునకు దూడ చీకుటవలన గర్భసంచి ముడుచుకొని, మాయ పడుటకు తోడ్పడును.

కనుక పుట్టిన గంట రెండు గంటలలోనే తొలిపాలు త్రాగింపవలెను. మొదటి దినమున దూడ బరువులో పదియవ వంతు పాలు అందవలెను. 30 కిలోల దూడకు 3 లీటర్లు. లేవలేని దూడకు పితికి సీసాతో మెల్లగా పట్టవలెను. తల్లి చనిపోయినచో, అప్పుడే ఈనిన మరియొక పశువు పాలు పట్టవలెను. ఈ పాలు కాచరాదు. వేడికి గడ్డకట్టి జున్నుగా మారునవి ముఖ్యముగ ఆ మాంసకృత్తులే గదా!

మన బిడ్డల విషయమునను తొలిపాలను పిండి పారవేయుట, తేనెయో ఆముదమో నాకించుట తగదు. పుట్టిన గంటలోపల తల్లిపాలు పట్టవలెను.

దూడ కడుపు నిండిన పిమ్మట మిగిలిన పాలతో జున్ను వండుకొనుడు. ఆ జున్ను తినుటకు ఎవరికిని సంకోచ ముండనక్కరలేదు.