పెరట్లో తేనెపెట్టె: పెన్షనరుకు తగిన వ్యాపకమేనా?

(తుని సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాలలో మామూలుగా డి.ఎ. బకాయిలు, లైఫ్ సర్టిఫికెట్లు, మెడికల్ రీయింబర్సుమెంటు గురించే ఎక్కువగా మాట్లాడుకుంటాం. ఈ రోజు కార్యదర్శిగారు దయతో ఒక అరగంట వేరే విషయానికి కేటాయించారు. పెరట్లో ఒకటి రెండు తేనెపెట్టెలు పెట్టుకోవడం ఎలాగ, ఎవరు పెట్టుకోవచ్చు, ఎవరు పెట్టుకోకూడదు అనేవి నేను మనవి చేయదలచిన సంగతులు.

ముందుగా ఒక మాట స్పష్టంగా చెబుతాను. ఇది డబ్బు సంపాదించే మార్గమని చెప్పడానికి నేను రాలేదు. గ్రాట్యుటీ సొమ్ముతో యాభై పెట్టెలు కొనండి, ఏడాదిలో లక్షలు వస్తాయి అని ఎవరైనా మీ ఇంటికి వస్తే, మంచినీళ్ళిచ్చి మర్యాదగా సాగనంపండి. ఇది కాలక్షేపం. ఇంటికి కాస్త మంచి తేనె, మనసుకు ఒక పని, పెరటి చెట్లకు కాపు. లాభమంటే ఇంతే. ఇల్లు కట్టి చూశాం, పెళ్ళిళ్ళు చేసి చూశాం. ఇప్పుడు ఖర్చు తక్కువ, ఓర్పు ఎక్కువ కావలసిన పని ఒకటి చేసి చూద్దాం.

మన తుని అనుకూలమేనా?

అనుకూలమే. తేనెటీగకు కావలసింది పువ్వు, నీరు, నీడ. తుని అంటే మామిడి. పైన మెట్ట ప్రాంతంలో జీడిమామిడి, తాటి ఉన్నాయి. పెరటి పెరటికీ కొబ్బరి ఉంది. కొబ్బరి ఏడాది పొడుగునా పూస్తుంది కాబట్టి ఈగలకు అది రోజువారీ రేషను వంటిది. మన తమలపాకు తోటల్లో తీగకు ఆధారంగా వేసే అవిసె, పెరట్లో మునగ, వేప, నేరేడు, కానుగ, చింత అన్నీ ఈగలకు పనికివచ్చేవే. తాండవ నది, చెరువులు, నూతులు ఉండనే ఉన్నాయి.

ఏ ఈగ? ఏ పెట్టె?

మన ప్రాంతంలో తేనెటీగలు ముఖ్యంగా నాలుగు రకాలు. పెద్ద చెట్లకు, కొండ రాళ్ళకు, ఎత్తైన కట్టడాలకు ఒకే పెద్ద పట్టు కట్టేది కొండ తేనెటీగ. దాని జోలికి మనం పోకూడదు. అడ్డతీగల, మారేడుమిల్లి వైపు గిరిజన సోదరులు అడవిలో ప్రధానంగా ఈ తేనెనే తీస్తారు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ వారి దగ్గర తేనె కొని అమ్ముతుంది. రెండోది చిన్న కొమ్మలకు అరచేతి వంటి పట్టు కట్టే చిన్న తేనెటీగ. ఈ రెండూ ఆరుబయట ఒకే పట్టు కడతాయి కాబట్టి పెట్టెలో ఇమడవు.

మూడోది పుట్ట తేనెటీగ. చీకటి ఉన్నచోట, అంటే పుట్టల్లో, చెట్టు తొర్రల్లో, పాత గోడల కన్నాల్లో, వరసగా పక్కపక్కన పట్లు కడుతుంది. పెట్టె కూడా చీకటి గదే కాబట్టి అందులో కాపురం చేస్తుంది. మన పెరటికి తగినది ఇదే. నాలుగోది దోమంత నల్లని ఈగ. కుట్టదు. గోడ పగుళ్ళలో, వెదురు బొంగుల్లో ఉంటుంది. తేనె బహు కొద్దిగా ఇస్తుంది. కుట్టడమంటే భయపడే వారికి, చిన్నపిల్లలున్న ఇళ్ళకు ఇది మంచి నేస్తం.

ఇవి కాక ఇటాలియన్ ఈగ అని పిలిచే ఐరోపా జాతి ఉన్నది. 1960లలో ఉత్తర భారతంలో దీనిని విజయవంతంగా స్థిరపరిచారు. తేనె ఎక్కువిస్తుంది గాని దానికి పూలు కూడా అంత ఎక్కువగా కావాలి. పూత అయిపోగానే పెట్టెలను లారీలో మరో ప్రాంతానికి తీసుకువెళ్ళాలి. అది వ్యాపారస్థుల ఈగ, మన వయసుకు తగినది కాదు.

ఇక పెట్టె సంగతి. పట్టుకూ పట్టుకూ మధ్య అంగుళంలో మూడో వంతుకు కాస్త ఎక్కువ సందు ఉంటే ఈగలు దానిని దారిగా వదిలేస్తాయని, మైనంతో మూయవని 1851లో అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ అనే మతాచార్యుడు గమనించాడు. పట్టు తెగకుండా పైకి తీసి చూసి మళ్ళీ పెట్టగల చట్రాల పెట్టె అక్కడ నుండి వచ్చింది. మన దక్షిణాది పుట్ట తేనెటీగ కొలతలకు తగినట్టు చిన్న పెట్టెను తయారుచేసినవాడు తిరుచిరాపల్లిలో ఉన్న ఫాదర్ న్యూటన్. 1910 దశకంలో ఆయన దానిపై ఎందరికో శిక్షణ కూడా ఇచ్చాడు. ఈనాటికీ అది న్యూటన్ పెట్టె పేరుతోనే వాడుకలో ఉంది. కింద పిల్లల గది, పైన తేనె గది, మూత. అంతే దాని నిర్మాణం. మన వడ్రంగి చేయగలడు గాని కొలత తప్పకూడదు. కొలత తప్పితే ఈగలు చట్రాలన్నింటినీ కలిపి అతికించేస్తాయి.

పదవీ విరమణ లేని కార్యాలయం

పెట్టెలో ఒక రాణి, కొన్ని వందల పోతుటీగలు, వేలకొద్దీ కూలి ఈగలు ఉంటాయి. కూలి ఈగలన్నీ ఆడవే. మనకు సీనియారిటీని బట్టి ప్రమోషన్లు వచ్చినట్టే వాటికీ వయసును బట్టి పని మారుతుంది. పుట్టగానే గదులు శుభ్రం చేసే పని. తరువాత పిల్లలకు మేత. ఆపైన మైనంతో పట్టు కట్టడం, వచ్చిన మకరందాన్ని ఇంకబెట్టడం, వాకిట కాపలా. చివరగా బయటి ఫీల్డు డ్యూటీ. పూత కాలంలో సుమారు ఆరు వారాలకు ఆయువు తీరుతుంది. పెన్షను లేదు, రిటైర్మెంటు లేదు. పూలు ఏ దిక్కున ఎంత దూరంలో ఉన్నాయో నాట్యం చేసి తోటి ఈగలకు చెబుతాయని నిరూపించిన కార్ల్ వాన్ ఫ్రిష్‌కు 1973లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఎలా మొదలుపెట్టాలి?

మొదటి మెట్టు పెట్టె కొనడం కాదు, నేర్చుకోవడం. పెట్టెలు పెంచే వారి దగ్గరకు నాలుగైదు సార్లు వెళ్ళి, మూత తీసినప్పుడు పక్కన నిలబడి చూడండి. ఏలూరు దగ్గర విజయరాయిలోని వ్యవసాయ పరిశోధనా స్థానంలో తేనెటీగలపై పరిశోధన జరిగింది. రంపచోడవరం దగ్గర పందిరిమామిడిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. ఇటువంటి చోట్ల శిక్షణ ఎప్పుడు ఇస్తారో విచారించుకోండి. కేంద్ర ప్రభుత్వం 2020లో తేనెటీగల పెంపకానికి 500 కోట్ల రూపాయల పథకం ప్రకటించింది. అది చూసి సబ్సిడీ కోసం పెట్టెలు పెట్టకండి. పని నచ్చితే పెట్టండి.

రెండో మెట్టు స్థలం. ఉదయపు ఎండ తగిలి, మధ్యాహ్నం నీడ ఉండే చోటు కావాలి. ద్వారం తూర్పు ముఖంగా ఉంటే మంచిది. మనుషులు నడిచే దారికి, పొరుగువారి కిటికీకి ఎదురుగా ఉండకూడదు. రాత్రిళ్ళు దగ్గరలో దీపం వెలగకూడదు, ఈగలు దీపానికి వచ్చి చస్తాయి. నాలుగు కాళ్ళ బల్ల వేసి ఒక్కొక్క కాలికింద నీళ్ళ ముంత పెట్టాలి. చీమలకు ఇదే మందు. ఆ నీళ్ళు ఎండిపోతే ఒక్క రాత్రిలో చీమలు పెట్టెను ఖాళీ చేయించగలవు.

మూడో మెట్టు ఈగలు. నమ్మకమైన వారి దగ్గర రాణి, పిల్లలు ఉన్న కుటుంబాన్ని కొనవచ్చు. లేదా పాత గోడలోనో తొర్రలోనో ఉన్న పట్టును తెలిసినవారి చేత సాయంత్రం వేళ పెట్టెలోకి మార్పించవచ్చు. పట్లను కోసి చట్రాలకు అరటినారతో కడతారు. రాణి పెట్టెలోకి వచ్చిందా లేదా అన్నదే అసలు పరీక్ష. రాణి వస్తే మిగిలినవన్నీ వస్తాయి.

ఒకటి కాక రెండు పెట్టెలతో మొదలుపెట్టడం మేలు. ఒకటి బలహీనపడితే రెండోదానితో పోల్చి తేడా తెలుసుకోవచ్చు. పెట్టె, ముసుగు, పొగడబ్బా, ఉలి వంటి చిన్న పనిముట్టు చాలు. తేనె తీసే యంత్రం మాత్రం నలుగురు కలిసి ఒకటి కొనుక్కుంటే సరిపోతుంది.

ఏడాది పొడవునా పని

డిసెంబరు నుండి మార్చి వరకు మామిడి, జీడిమామిడి, తాటి పూత. కుటుంబం బాగా పెరుగుతుంది. చోటు చాలకపోతే సగం ఈగలు పాత రాణితో లేచిపోతాయి. వారం పది రోజులకొకసారి తెరిచి, కొత్త రాణిగదులు కనబడితే కుటుంబాన్ని రెండుగా విడదీయాలి. మార్చి నుండి వేప, కానుగ, నేరేడు, ఆ తరువాత చింత. మే నెల ఎండలకు పెట్టెపై తడి గోనె వేసి, పక్కన మట్టి మూకుడులో నీళ్ళు, అందులో కొన్ని గులకరాళ్ళు ఉంచాలి. రాళ్ళు లేకపోతే ఈగలు మునిగిపోతాయి.

జులై నుండి సెప్టెంబరు వరకు పూలు తక్కువ, వానలు ఎక్కువ. ఆకలి కాలమిదే. చాలామంది పెట్టెలు ఖాళీ అయ్యేదీ అప్పుడే. పంచదార, నీళ్ళు సమానంగా కలిపి కాచి, చల్లార్చి, కొబ్బరిచిప్పలో పోసి, పుల్లలు వేసి, సాయంత్రం పెట్టె లోపల పెట్టాలి. ఎంత ఆకలి కాలమైనా బజారు తేనె మాత్రం పెట్టకూడదు, దానితో రోగాలు రావచ్చు. అక్టోబరు, నవంబరు మనకు తుఫానుల నెలలు. 1996 నవంబరు 6 నాటి తుఫానులో కొబ్బరిచెట్లు ఎలా కూలాయో ఇక్కడున్న వారెవరూ మరచిపోలేదు. పెట్టెను బల్లకు, బల్లను గుంజకు తాడుతో కట్టి, పైన బరువు పెట్టండి.

శత్రువుల విషయానికి వస్తే చీమలు, మైనాన్ని తినే చిమ్మట పురుగు, కందిరీగలు, బల్లులు, తొండలు ముఖ్యమైనవి. కుటుంబం బలంగా ఉంటే వీటిలో చాలావరకు అవే చూసుకుంటాయి. అసలు భయపడవలసినది రోగం. థాయి శాక్‌బ్రూడ్ అనే వైరస్ 1990ల మొదట్లో దక్షిణాదిన పాకి కర్ణాటక, కేరళ, తమిళనాడులలో పుట్ట తేనెటీగల కుటుంబాలను చాలా భాగం తుడిచిపెట్టింది. పెట్టెలమీద బతికిన కుటుంబాలు దెబ్బతిన్నాయి. దానికి మందు లేదు. తట్టుకున్న కుటుంబాల నుండే సంతతి మళ్ళీ పెరిగింది. అందుకే ముక్కు ముఖం తెలియని వారి దగ్గర ఈగలు కొనవద్దని, ఒక పెట్టె చట్రం ఇంకో పెట్టెలో పెట్టవద్దని చెప్పేది.

తేనె ఎంత వస్తుంది?

పుట్ట తేనెటీగ పెట్టెకు ఏడాదికి మూడు నుండి ఐదు కిలోలు వస్తే సంతోషించాలి. ఒక్కో ఏడు ఏమీ రాదు. పై గదిలో గళ్ళకు మైనపు మూతలు పడ్డాకనే తేనె తీయాలి. పచ్చి తేనెలో నీరెక్కువ, సీసాలో పులిసి పొంగుతుంది. కింది గదిలోని తేనె ఈగల పి.ఎఫ్. వంటిది. అది ముట్టుకోకూడదు. పంచదార పాకం పెట్టే రోజుల్లో వచ్చినది తేనె అనిపించుకోదు.

బజారు తేనె సంగతి కూడా చెప్పాలి. 2020 డిసెంబరులో ఢిల్లీలోని విజ్ఞాన పర్యావరణ కేంద్రం 22 నమూనాలు పరీక్షకు పంపితే అన్ని పరీక్షలలో నెగ్గినవి ఐదే. నీళ్ళలో వేసి చూడడం, వత్తి ముంచి వెలిగించడం వంటి ఇంటి పరీక్షలు నమ్మదగినవి కావు. గడ్డకట్టినంత మాత్రాన కల్తీ కాదు. పొయ్యిమీద పెట్టక, సీసాను గోరువెచ్చని నీళ్ళలో ఉంచితే కరుగుతుంది.

ఆరోగ్యం మాట

ఇది దయచేసి శ్రద్ధగా వినండి. తేనెటీగ కుట్టడం తప్పదు. కుట్టిన చోట ముల్లు ఉండిపోయి ఇంకా విషం దింపుతూ ఉంటుంది. ఆలస్యం లేకుండా గోటితో గీరి తీసేయాలి, కడిగి చన్నీళ్ళ గుడ్డ వేయాలి. చాలామందికి వాపుతో పోతుంది. కొద్దిమందికి మాత్రం ఒళ్ళంతా దద్దుర్లు, ముఖం వాపు, ఆయాసం, కళ్ళు తిరగడం వస్తాయి. అది ప్రాణాపాయం. క్షణం ఆలోచించక 108కి ఫోను చేయాలి. గతంలో అలా జరిగినవారు పెట్టెల దగ్గరకు రాకూడదు. గుండె జబ్బు ఉన్నవారు, బి.పి. మందులు వాడేవారు ముందుగా డాక్టరుగారిని అడగాలి. కొన్ని బి.పి. మందుల వలన ఆ అత్యవసర సమయంలో ఇచ్చే ఇంజక్షను సరిగా పనిచేయకపోవచ్చు. ఎంత అనుభవమున్నా ఒంటరిగా పెట్టె తెరవకండి, ఇంట్లో ఒకరికి చెప్పి తెరవండి.

షుగరు ఉన్న మిత్రులకు మనవి. తేనె కూడా పంచదార కుటుంబానిదే. ఇంటి తేనె అని ఎక్కువ తినకండి. ఇక అమ్మమ్మలకు, నాయనమ్మలకు ఒక మాట. పుట్టిన బిడ్డ నాలుకకు తేనె రాయడం మన ఇళ్ళలో అలవాటు. ఏడాది నిండని పిల్లలకు తేనె నాకించకండి. తేనెలో ఉండగల ఒక సూక్ష్మజీవి వలన పసివాళ్ళకు ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. ఎంత స్వచ్ఛమైన తేనె అయినా ఇదే మాట.

పొరుగువారు, మామిడి తోటలు

పెట్టె పెట్టే ముందే పక్కింటివారికి చెప్పండి. వాళ్ళింట్లో ఎవరికైనా అలర్జీ ఉందేమో కనుక్కోండి. మొదటి తేనె సీసా వాళ్ళింటికే పంపండి. ఇరుగుపొరుగు ఒప్పుకోకపోతే మానుకోవడమే పెద్దరికం.

మన సభ్యులలో మామిడి తోటలున్నవారు చాలామంది. తేనెమంచు పురుగుకు మందు కొట్టక తప్పని రోజులుంటాయి. పూత విచ్చకముందే కొట్టండి. పూత విప్పారి ఉండగా పగటివేళ కొట్టిన మందు తేనెటీగలను, మామిడికి పరాగం మోసే ఇతర ఈగలను కూడా చంపుతుంది. తప్పనిసరైతే ఈగలు గూళ్ళకు చేరాక, సాయంత్రం కొట్టండి. దగ్గరలో పెట్టెలున్నవారికి ఒకరోజు ముందు కబురు చేయండి. ఇది పెట్టెలు పెట్టనివారు కూడా చేయగల ఉపకారం.

పెట్టె పెట్టే వీలులేని వారు విచారించనవసరం లేదు. కడియం నర్సరీల నుండి నాలుగు పూలమొక్కలు తెచ్చి వేయండి. పెరట్లో మునగ ఒకటి పెంచండి. మూకుడులో నీళ్ళు పెట్టండి. గోడ కన్నంలో పట్టు కనబడగానే కిరసనాయిలు గుడ్డ వెలిగించే అలవాటు మానిపించండి. మీ మనవళ్ళకు ఆ కన్నం చూపించి, అక్కడ ఎవరు ఏ డ్యూటీ చేస్తున్నారో చెప్పండి. వాళ్ళు మీ పక్కన కూర్చుని వినే కథలలో అదొకటి అవుతుంది.

ఆసక్తి ఉన్న సభ్యులు నలుగురైదుగురు పేర్లిస్తే, ఈ మామిడి పూతలో ఒక ఆదివారం అందరం కలిసి పెట్టె తెరిచి చూద్దాం. కొనేది లేనిది ఆ తరువాత ఆలోచించుకోవచ్చు.