చుక్క వచ్చింది
(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



తెలుగు భాషను గురించి మాట్లాడమని కార్యదర్శిగారు నన్ను కోరారు. నేను మా కుక్కను గురించి మాట్లాడతానన్నాను. ఆయన కాసేపు ఊరుకుని, "సరే మాస్టారూ, పది నిమిషాలు" అన్నారు. ఆ పది నిమిషాలలో రెండు విషయములూ వస్తాయని నా నమ్మకం. నాది కూడా మీలో చాలామందివలె సాయంకాలపు బడి తెలుగే. పెద్ద సమాసాలు ఆశించకండి.

2022 ఏప్రిల్ వరదలు మీరెవరూ మరచి ఉండరు. మన రాష్ట్రంలో 400 మందికి పైగా చనిపోయారు. చాట్స్‌వర్త్‌లో మా వీధికి ఆ తరువాత చాలా రోజులు కుళాయి నీరు లేదు. వీధి చివరికి ట్యాంకరు వస్తే బకెట్లు పట్టుకుని వరుసలో నిలబడేవాళ్ళం. ఆ వరుసకు పక్కగా ఒక కుక్క కూడా నిలబడేది, గొట్టం కింద కారే నీటి కోసం. గోధుమరంగు ఒళ్ళు, నుదుట తెల్లని మచ్చ. పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు. మెడకు తెగిన తాడు ముక్క వేలాడుతున్నది. అంటే ఎవరింటిదో. ఆ ఇల్లు నిలిచి ఉన్నదో లేదో.

వరుసలో ఎవరో "ఫుట్‌సెక్!" అన్నారు. ఈ దేశంలో ఏ కుక్కకైనా మొట్టమొదట తెలిసే మాట అది. డచ్చివారి నాటి మాట. "పొమ్మంటున్నాను" అని దాని అర్థం. తెల్లవారు, జూలూలు, మనవారు, అందరూ ఒక్క తీరుగా పలికే మాటలు ఈ దేశంలో ఎన్ని ఉన్నాయో గాని, ఇది మాత్రం తప్పక ఒకటి. ఆ కుక్క తోక ముడిచి పది అడుగులు వెనక్కు పోయి కూర్చున్నది. అప్పటికి ఆరేళ్ళ మా మనవరాలు, ముందటి వారమే బడిలో నేర్చిన మాట ఒకటి, నోరంతా తెరిచి, "రా" అన్నది. అది వచ్చింది. పిల్ల చేతిలో రొట్టెముక్క ఉన్న సంగతి కూడా చెప్పాలి లెండి.

నా భార్య గేటు దగ్గరే ఆపింది. శుక్రవారం దీపం పెట్టే ఇల్లు, కుక్క గడప దాటరాదు, వసారాలో ఒక్క రాత్రి మాత్రం, అన్నది. మరునాడు పశువుల డాక్టరు దగ్గరకు తీసుకుపోయాము. చెవుల నిండా పిడుదులు. పిడుదు కాటువల్ల వచ్చే బిలియరీ జ్వరం మన ప్రాంతపు కుక్కలను ఎంత త్వరగా తీసుకుపోతుందో కుక్కను పెంచినవారికి తెలుసు. చిగుళ్ళు పాలిపోతాయి, మూత్రం ఎర్రగా నల్లగా అవుతుంది, అన్నం ముట్టదు. దీనికి ఆ మూడూ ఉన్నాయి. డాక్టరమ్మ సూది మందు ఇచ్చి, "రెండు రోజులు గడిస్తే బ్రతుకుతుంది" అన్నది. ఆ రెండు రాత్రులూ వసారాలో నా పాత కోటు మీద అది పడుకుని ఉంటే, చెంచాతో నీళ్ళు పోసినది గడప సంగతి చెప్పిన ఆవిడే.

తేరుకున్న తరువాత రేబిస్ టీకా వేయించాము. అది ఇష్టాన్ని బట్టి చేసే పని కాదు, చట్టం. మన క్వాజూలు నటాల్‌లో ఈ జబ్బు ఇంకా పోలేదు, లక్షణాలు బయటపడితే మనిషి బ్రతకడం దాదాపు లేదు. అటుపైన పిల్లలు పుట్టకుండా ఆపరేషను. ఉల్లిపాయ వేసిన కూర పెట్టవద్దని, ద్రాక్ష, చాక్లెట్ అసలే వద్దని డాక్టరమ్మ చెప్పింది. మన ఇళ్ళలో మిగిలినదంతా కుక్కకు వేయడం అలవాటు. మన కూరలో ఉల్లి లేనిది ఏది? అందుకని దానికి వేరే గిన్నెలో మీలీ పిండి జావ, ఉప్పులేని కోడిమాంసం. పురటాసి నెలలో మా ఇంట మాంసం వండము గనుక చుక్కకూ ఉండదు. పక్కింటి గేటు దగ్గర తన ఏర్పాటు తాను చేసుకుంటుంది.

చుక్క అని పేరు పెట్టినది మనవరాలే, నుదుటి మచ్చను చూసి.

దీని మీద పెద్దవారొకరు నాతో వాదానికి వచ్చారు. దీపం ఉండే ఇంట్లో కుక్క ఏమిటి, శాస్త్రం ఒప్పదన్నారు. ధర్మరాజు కథ ఆయనకు తెలుసు, మీకూ తెలుసు: శరణన్న కుక్కను విడిచి స్వర్గానికి రానన్నాడు. అది భారతం చివర. భారతకథ మొదలయ్యేది కూడా కుక్కతోనే అని నేను చెప్పగా ఆయన నమ్మలేదు. నన్నయగారి ఆదిపర్వం తీసి చూపించాను. జనమేజయుని యజ్ఞశాలలో ఒక కుక్కపిల్ల ఆడుకుంటుంటే రాజు తమ్ములు కొట్టారు. అది ఏడుస్తూ పోయి తల్లి సరమకు చెప్పుకున్నది. సరమ రాజు ముందుకే వచ్చి, తప్పు చేయని నా బిడ్డను ఎందుకు కొట్టారని నిలదీసింది. అనుకోని భయాలు వస్తాయని శపించి పోయింది. అంత పెద్ద గ్రంథానికి మొదటా చివరా వాకిట్లో కుక్కే. మన సామెతలు మాత్రం కుక్కకు చాలా అన్యాయం చేశాయి. అది వేరే ప్రసంగం.

నా భార్య మెత్తబడడానికి భారతం కారణం కాదు. మేమిద్దరమూ మ్యాగజీన్ బారక్సు పిల్లలము. ఇప్పుడు అక్కడ న్యాయస్థానపు భవనాలున్నాయి. మా తాత ఉత్తర ఆర్కాటు నుండి చెరకు తోటల ఒప్పందం మీద వచ్చి, గడువు తీరాక డర్బన్ కార్పొరేషను పనిలో చేరి ఆ బారక్సులో ఇల్లు పొందాడు. మా వరుస ఇళ్ళన్నిటికీ కలిపి ఒక కుక్క, పేరు మణి. ఎవరి గుమ్మంలోనైనా తినేది, మా అవ్వ గుమ్మంలో పడుకునేది. 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం కింద 1960ల నడుమ మమ్మల్ని చాట్స్‌వర్తుకు తరలించారు. లారీలో సామానుకే చోటు చాలలేదు. మణి లారీ వెంట ఉంగేని రోడ్డు దాకా పరుగెత్తింది. ఆ సాయంత్రం కొత్త ఇంట్లో అవ్వ వండి, అలవాటుగా మొదటి పిడికెడు అన్నం తీసుకుని పెరటి తలుపు తెరిచింది. తెరిచి, అలాగే నిలబడింది. ఆ చట్టం 1991లో రద్దయింది. అప్పటికి అవ్వ లేదు.

ఇక భాష సంగతి. 1996 నాటి మన రాజ్యాంగం ఆరవ విభాగంలో, ప్రోత్సహించవలసిన భాషలలో తెలుగు పేరు ఉన్నది. నాకు అది గర్వమే. కాని మన ఇళ్ళలో పిల్లలు తెలుగు ఎవరితో మాట్లాడతారు? మాతో మాట్లాడరు. తప్పు వస్తే పెద్దవాళ్ళు దిద్దుతారని, బంధువులు నవ్వుతారని సిగ్గు. కుక్క నవ్వదు. మా మనవరాలు బుధవారం బడిలో నేర్చినది గురువారం చుక్కకు అప్పజెప్పడం మొదలుపెట్టింది. రా. కూర్చో. వద్దు. తిన్నావా? ఎక్కడికి పోయావు? మెల్లగా వాక్యాలు పెరిగాయి. "వాన వస్తున్నది, లోపలికి రావే" అని ఆ పిల్ల అన్న రోజు నేను వంటింట్లో టీ కాస్తున్నాను. "రావే" అని మా బడి పుస్తకంలో లేదు. వాళ్ళ అవ్వ నోటి నుండి పట్టుకున్నది.

ఒకనాడు నన్ను అడిగింది: "తాతా, అమ్మ వచ్చింది, చుక్క వచ్చింది. రెండూ ఒకటేనా?" ఇంగ్లీషులో తల్లికి ఒక మాట, కుక్కకు ఒక మాట. మన క్రియకు ఆ తేడా లేదు. వ్యాకరణంలో దీనికి కారణం ఉన్నది: మగవానికి "వచ్చాడు", తక్కిన ఏకవచనమంతా "వచ్చింది". నలభై ఏళ్ళు బడిలో చెప్పిన పాఠం. ఒక పిల్ల దానిని ఇంత సంతోషంగా తీసుకోవడం మాత్రం అంతకు ముందు చూడలేదు.

2023 దీపావళి నవంబరు 12, ఆదివారం. తొమ్మిది గంటలకు ఎక్కడో పెద్ద బాంబు పేలింది. వసారాలో ఉన్న చుక్క గోడ దూకి పోయింది. మనకు వినబడని పైస్థాయి ధ్వనులు కూడా కుక్కకు వినబడతాయి. మన సరదా దానికి యుద్ధం. వీధి కుర్రాళ్ళు మంచివాళ్ళు, టార్చిలైట్లు పట్టుకుని "కమ్, గర్ల్, కమ్" అని అర్ధరాత్రి దాకా తిరిగారు. వెలుతురు చూసినకొద్దీ అది దూరం పోయి ఉంటుంది. రెండవ రోజూ లేదు. ఎస్.పి.సి.ఎ.కు పోయి చూశాము, అలా తప్పిపోయి వచ్చిన కుక్కలు బోనుల నిండా ఉన్నాయి, మాది లేదు. ఆ రాత్రి నా భార్య గడప మీదనే కూర్చున్నది, వంట చేయలేదు.

మూడవ రోజు సాయంత్రం మనవరాలు కాలువ గట్టు వెంట నడుస్తూ, అరవకుండా, రోజూ అన్నం వేళకు పిలిచే తీరునే, "చుక్కా, అన్నం తిందువు రా" అంటూ పోయింది. నేను వెనుక నడుస్తున్నాను. రోడ్డు కింది సిమెంటు గొట్టంలో ఏదో కదిలింది. ముందు ముక్కు, తరువాత ఆ తెల్ల మచ్చ. కాలికి గాయం, ఒళ్ళంతా బురద.

భాష వల్ల వచ్చిందని నేనంటాను. గొంతు వల్ల వచ్చిందని నా భార్య అంటుంది. ఇంతవరకు తేలలేదు. ఆ రాత్రి నుండి చుక్క పడక గడప లోపల.

ఈ దీపావళికి బాణసంచా కాల్చేవారు ముందుగా పక్కింటివారికి ఒక మాట చెప్పండి, కుక్కను లోపల పెట్టుకుని రేడియో వేసుకుంటారు. తాడు తెగిన కుక్క ఎవరి గేటు దగ్గరైనా కనబడితే నాకు ఫోను చేయండి, పిడుదులు తీసే పటకారు నా దగ్గర ఉన్నది.

కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. మాకు ఆరు గంటలకు అన్నం వేళ.