నడక లండన్‌ది, నోరు ఎవరిది?

2010లో లాస్ ఏంజిలిస్ కుర్రాడు స్క్రిల్లెక్స్ ‘స్కేరీ మాన్‌స్టర్స్ అండ్ నైస్ స్ప్రైట్స్’ పాట విడుదల చేసినప్పుడు, డబ్‌స్టెప్ అనే ఎలక్ట్రానిక్ సంగీత శైలి అభిమానుల్లో పెద్ద తగువే నడిచింది. ఈ బాణీ సొంతమా, అరువా?

అరువు ఉంది, కాదనలేం. డబ్‌స్టెప్ పుట్టిల్లు దక్షిణ లండన్‌లోని క్రోయిడన్. అక్కడ బిగ్ ఆపిల్ అనే రికార్డుల దుకాణం చుట్టూ తిరిగిన స్క్రీమ్, బెంగా లాంటి కుర్రాళ్లు నిమిషానికి 140 బీట్ల నడకను, గుండెల్లో మోగే బేస్‌ను అప్పటికే తీర్చిదిద్దారు. తర్వాత రస్కో అనే మరో సంగీతకారుడు దానికి మొరటుదనం అద్దాడు.

మరి స్క్రిల్లెక్స్ చేసిందేమిటి? ఆ పాట మధ్యలో చెవి పెట్టి వినండి. కప్పులు చకచకా పేర్చి మురిసిపోయిన ఓ అమ్మాయి కేక వినిపిస్తుంది, యూట్యూబ్ వీడియోలోంచి తీసుకున్నది. మరుక్షణం బేస్ విరుచుకుపడుతుంది. క్రోయిడన్ బేస్ అడుగున పారే ఏరు. ఇతని బేస్ ముందుకొచ్చి అరుస్తుంది, అచ్చులు పలుకుతున్నట్టు నోరు తెరిచి మూస్తుంది. సింథసైజర్‌లో ఒక ధ్వనితరంగంతో ఇంకో తరంగాన్ని అతివేగంగా వణికిస్తే పుట్టే గరుకు శబ్దమది. దాన్ని ముక్కలు కోసి, ప్రశ్నా జవాబులా పేర్చాడు. అంతకుముందు రాక్ బ్యాండులో గొంతు చించుకుని పాడినవాడు కదా, ఆ అరుపే బేస్‌లోకి దిగిందని నాకనిపిస్తుంది. నడక లండన్‌ది, నోరు మాత్రం అతనిదే. 2012లో ఈ పాటకు గ్రామీ కూడా వచ్చింది. తగువు మాత్రం ఆగలేదు.