ఒక్క గుండు తుపాకీ

వెనక నిలబడ్డ తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇవాళ నేను మాట్లాడేది ముఖ్యంగా మీతోనే.

తుపాకీ అనగానే మీకు సినిమాల్లో ఆగకుండా పేలేది గుర్తొస్తుంది. మన మన్యం చరిత్రలో ఉన్నది అది కాదు. ఒకసారికి ఒక్క గుండు. పేల్చాక మళ్లీ నింపుకోవాలి. నింపుకునేలోగా పంది మీదికి రావచ్చు, పోలీసు మీదికి రావచ్చు.

అందులో రెండు రకాలు. ఒకటి మన నాటు తుపాకీ. మూతి నుంచి మందు పోసి, గుండు వేసి, చువ్వతో కూరాలి. వాన పడితే అది కర్రతో సమానం. రెండోది ఇంగ్లాండు 1871లో తన సైన్యానికిచ్చిన మార్టినీ-హెన్రీ. పిడి దగ్గర కింద ఒక మీట ఉంటుంది. దాన్ని కిందికి లాగితే లోపలి దిమ్మ దిగుతుంది, కాలిన తూటా గొట్టం వెనక్కి ఎగిరిపడుతుంది. కొత్త తూటా బొటనవేలితో తోసి, మీట పైకి నొక్కితే మళ్లీ సిద్ధం. దాని గుండు 31 గ్రాములు. ఏనుగులు, పులులున్న అడవుల్లో దొరలు వేటకు వాడిన రైఫిళ్లు కొన్ని ఇంకా పెద్దవి. పేలిస్తే నల్లమందు పొగ కమ్మేస్తుంది, భుజం వాచిపోతుంది. ఆ దొరల వేటలో మనవాళ్ల పని ఏమిటంటే, డప్పులు కొట్టి జంతువును వాళ్ల ఎదుటికి తోలడం.

1857 తిరుగుబాటు తర్వాత దొరతనానికి భయం పట్టుకుంది. ఈ దేశపు సిపాయిలకిచ్చే తుపాకుల్లో మెలిగాడులు లేకుండా గొట్టం నున్నగా ఉంచింది. గాడులుంటే గుండు తిరుగుతూ దూరం సూటిగా పోతుంది. నున్నటి గొట్టంతో వంద గజాలు దాటాక గురి నమ్మలేం. పోలీసులకు కూడా చాలాకాలం అలాంటివే ఇచ్చారు. 1878లో ఆయుధాల చట్టం తెచ్చి, లైసెన్సు లేకుండా ఈ దేశపు జనం తుపాకీ ఉంచుకోకూడదన్నారు.

ఇప్పుడు 1922కి రండి. ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు. అల్లూరి సీతారామరాజుతో గాం గంటందొర, గాం మల్లుదొర, ఇంకా మనవాళ్లు ఎందరో. చేతికి చిక్కినవి 26 తుపాకులు, సుమారు 2,500 తూటాలు. మీలో లెక్కలు వచ్చినవాళ్లు భాగించండి. తుపాకీకి వంద తూటాలు కూడా రావు. నాటు తుపాకీకైతే మందు ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. ఫ్యాక్టరీ తూటా అడవిలో పండదు. ఒకటి పేలిస్తే ఒకటి తగ్గినట్టే. అవతల సర్కారు దళాలకు వచ్చిన లూయిస్ గన్ నిమిషానికి 500 పైగా తూటాలు పేలుస్తుంది. మనవాళ్ల దగ్గరున్న మొత్తం తూటాలు దానికి ఐదు నిమిషాల పని.

అయినా పోరు 1924 మే దాకా సాగింది. ఎలా సాగిందో దామనపల్లి ఘాటు చెబుతుంది. 1922 సెప్టెంబరు 24న పోలీసు బలగం ఆ దారిన పోతోంది. ముందు నడిచే మన దేశపు పోలీసులను పోనిచ్చి, దొరలు స్కాట్ కవర్డ్, హైటర్ ఎదురుగా వచ్చేదాకా ఆగి కాల్చారని చెబుతారు. ఇద్దరూ అక్కడే పడిపోయారు. వాళ్ల సమాధులు ఈ నర్సీపట్నంలోనే ఉన్నాయి, చూడనివాళ్లు ఒకసారి చూసి రండి. అంత దగ్గరికి మనిషి వచ్చేదాకా ట్రిగ్గర్ మీద వేలు బిగించకుండా ఉండటం ఏ డ్రిల్లు మాస్టరు నేర్పాడు? వేట నేర్పింది. గాలి ఎటు వీస్తోంది, జంతువు ఏ బాటన నీళ్లకు దిగుతుంది, ఆకు ఎక్కడ నలిగింది, ఇవన్నీ చూసుకున్నాకే విల్లు ఎక్కుపెట్టేవాళ్లు. ఒక్క గుండు తుపాకీ అలాంటి చేతుల్లోకి వస్తే దాని లోపం లోపంగా మిగల్లేదు.

ఆ వేట ఇవాళ చట్టం ప్రకారం నేరం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. 2006 అటవీ హక్కుల చట్టం మనకు భూమి మీద హక్కిచ్చింది, తేనె, చింతపండు, అడ్డాకు మీద హక్కిచ్చింది. సంప్రదాయ హక్కులన్నీ చెప్పి, వేటను మాత్రం పేరు పెట్టి మినహాయించింది. ఇటుకల పండుగ నాడు మగవాళ్లు అడవికి పోవడం, ఉత్త చేతులతో తిరిగొస్తే ఆడవాళ్లు ఆట పట్టించడం మనకు తెలిసిందే. ఆ పండుగ గుండెకాయనే తీసేశారని బాధపడే పెద్దల బాధ నాకు అర్థమవుతుంది. కానీ అడవిలో ఇప్పుడు ఎన్ని కణుజులు మిగిలాయో కూడా ఆ పెద్దలనే అడగండి.

మొన్న ఒక కుర్రాడు అడిగాడు: "మామయ్యా, తాత తుపాకీ అటక మీద ఉంది. దాంతో ఫొటో దిగి స్టేటస్ పెట్టనా?" వద్దు నాయనా. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు మనిషికి. ఇంటికి కాదు. తాత పోతే ఆయన లైసెన్సు నీకు రాదు. తుపాకీని ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీసు స్టేషన్లో గానీ లైసెన్సున్న డీలరు దగ్గర గానీ అప్పగించి రసీదు తీసుకోవాలి. నీకు కావాలంటే నీ పేరున అర్జీ పెట్టుకోవాలి. పంట కాపలాకు మూతి నుంచి మందు కూరే తుపాకీకి లైసెన్సు అడగవచ్చని ఆ చట్టంలోనే ఉంది. అది పంట కాపలాకే, వేటకు కాదు. బాగుచేసినా పేలని పాతకాలపు తుపాకీకి మినహాయింపు ఉంది. అయితే అది పేలదని తేల్చేది మనం కాదు. అసలు కాగితమే లేని తుపాకీ అయితే వకీలుతో మాట్లాడి, ఊరి పెద్దను వెంటబెట్టుకుని వెళ్లండి.

ఇంకొకటి. పనిచేస్తుందో లేదో చూద్దామని మందు మాత్రం కూరవద్దు. ముప్పై ఏళ్లు అటక మీద తుప్పు పట్టిన గొట్టం ముందుకే పేలుతుందని నమ్మకం లేదు. పక్కకు పగిలితే పోయేది నీ వేళ్లు, నీ కన్ను. నింపి ఉందేమోనన్న అనుమానం ఉంటే అసలు ముట్టుకోవద్దు, స్టేషనుకు కబురు చేయండి.

అర్జీ రాయడానికి ఎవరికైనా సాయం కావాలంటే సభ అయ్యాక నా దగ్గరకు రండి. కాగితాలు తెచ్చుకోండి. తుపాకీ మాత్రం తేకండి.